సంపుల ఎన్ని నీళ్లు పడుతయో ఎట్ల లెక్క కట్టాలె?

దేవరకొండ పిలగాడు:
అన్నలు, మా సంపుకు గుంత 8 అడుగుల పొడవు, 6 వెడల్పు, 5 లోతు తవ్విచ్చినం. ఏడువేల లీటర్లకు తక్కువ గాదన్నడు మేస్త్రి. మొన్న బోరు ఎండితే 5,000 లీటర్ల ట్యాంకర్ తెప్పిచ్చిన. ట్యాంకర్ల ఇంకా నీళ్లుండంగనే సంపు పొంగి వాకిలంత పారింది. అమ్మ బిందెలు, బకెట్లు, ఆఖరుకు వంటగిన్నెలు గూడ తెచ్చి పట్టింది. పైసలు మాత్రం మొత్తం కట్టిన. తప్పెక్కడ?

జడ్చర్ల ప్లంబర్:
తమ్మీ, నువ్వు చెప్పింది గుంత కొలత, సంపుది కాదు. 9 అంగుళాల గోడ రెండు దిక్కులా లేస్తే పొడవుల అడుగున్నర, వెడల్పుల అడుగున్నర పాయె. లోపల 6.5 × 4.5 మిగిలింది. లోతు 5 ఉన్నదనుకున్నా 146 ఘనపుటడుగులే. ఘనపుటడుగుకు 28.32 లీటర్లు, అంటే 4,140. బెడ్డు, ప్లాస్టరింగు పోను ఇంకా తగ్గుతది. నీళ్లు ఓవర్‌ఫ్లో పైపు దాకనే ఆగుతయి, ఫుట్‌వాల్వుకు (మోటరు పైపు అడుగు కొసకుండే వాల్వు) కిందున్నవి మోటరు గుంజదు. టేపు లోపల పెట్టి కొలువు.
గుండ్రటిదైతే వ్యాసాన్ని వ్యాసంతోటి, తర్వాత ఎత్తుతోటి గుణించు, కొలతలన్నీ అడుగులల్ల. వచ్చినదాన్ని 22.24తోటి గుణిస్తే లీటర్లొస్తయి. 4 అడుగుల వ్యాసం, అడుగు ఎత్తున్న రింగుకు 356 లీటర్లు.

కనగల్ బత్తాయి రైతు:
పొలంకాడి నీటికుంటకు ఈ లెక్క చెల్లదు, గట్లు ఏటవాలుగ ఉంటయి. మాది పైన 20 × 20 మీటర్లు, అడుగున 11 × 11, లోతు 3. పెట్టె లెక్కన 12 లక్షల లీటర్లని మురిసిన. అసలు లెక్క: పై వైశాల్యం 400, అడుగుది 121, నడిమిది 15.5 × 15.5 చేసి దానికి నాలుగింతలు 961. మూడూ కలిపి 6తోటి భాగించి లోతుతోటి గుణిస్తే 741 ఘనపు మీటర్లు, అంటే 7,41,000 లీటర్లు. నాకు 300 చెట్లు, ఎండకాలం చెట్టుకు రోజుకు 100 లీటర్లు ఇడుస్త. 40 రోజులనుకున్నది 25 రోజులకు దిగింది. అది గూడ ఎండకు పోయేది లెక్కబెట్టకుంట: కుంట నిండుగున్నప్పుడు ఒక్క సెంటీమీటరు దిగితే 4,000 లీటర్లు పోయినట్టే. పూత మీదున్న తోటను నమ్మకం మీద ఇడిచిపెట్టకుండ్రి, కొలిచి నీళ్లు పెట్టుండ్రి.

పంచాయతీల నీళ్లిడిచేటోణ్ని:
లెక్క తప్పితే బ్లీచింగు గూడ తప్పుతది. మంచి పౌడరైతే 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు. ట్యాంకుల నిజంగ ఉన్న నీళ్లను బట్టే ఏస్త, ట్యాంకు మీద రాసిన అంకెను బట్టి కాదు.

దేవరకొండ పిలగాడు:
పొద్దుగాల సంపులకు దిగి కొలిచిన. 6 అడుగుల 4 అంగుళాలు, 4 అడుగుల 4 అంగుళాలు, ఓవర్‌ఫ్లో దాక 4 అడుగుల 3 అంగుళాలు. మొత్తం 3,303 లీటర్లు. అడుగున ఎప్పుడూ నిలిచే అర అడుగు తీసేస్తే 2,915 పడుతయి. పక్కింటి పెద్దమ్మోళ్ల సంపు 4 అడుగుల రింగులు ఆరు, అంటే 2,136. రెండూ కలిపితే 5,051. వచ్చే ట్యాంకర్ ఇద్దరం కలిసి తెప్పిచ్చుకుంటున్నం.