విమానం హోల్డ్ బరువు సరిపోయింది, ఫ్లోర్ లిమిట్ దాటుతోంది: 240 కిలోల పెట్టె ఎలా ఎక్కించాలి?

కార్గోడెస్క్:
చెక్క పెట్టె, 240 కిలోలు. అడుగు 60 × 50 సెం.మీ. 60 సెం.మీ. పొడవునా రెండు అంచుల కింద 8 సెం.మీ. వెడల్పు రన్నర్లు (పెట్టె ఆనే చెక్క పట్టీలు) ఉన్నాయి. నారోబాడీ (ఒకే నడవ ఉన్న) విమానం బల్క్ హోల్డ్‌లో, అంటే సరుకు విడిగా పేర్చే కింది గదిలో వెళ్లాలి. మాన్యువల్ ప్రకారం ఏరియా లోడ్ లిమిట్ చదరపు మీటరుకు 732 కిలోలు. హోల్డ్‌లో ఇంకా టన్నుకు పైగా వెసులుబాటు ఉంది, లోడ్‌షీట్ సిస్టమ్ ఏ హెచ్చరికా ఇవ్వలేదు. కానీ 240ని 0.30తో భాగిస్తే 800 వస్తోంది. కింద పెద్ద ప్లైవుడ్ షీటు వేస్తే చాలా?

లోడ్‌కంట్రోల్:
చాలదండీ. లోడ్‌షీట్ చూసేది మొత్తం బరువు, సెంటర్ ఆఫ్ గ్రావిటీ. పెట్టె దేని మీద నిలబడిందో దానికి తెలియదు.

మీ 800 ఏరియా లోడ్. నేలకు ఆనే చోట్ల బయటి అంచులు కలిపి తీసిన లెక్క అది, ఆ భారం ప్యానెల్ కింది బీముల మీద పడుతుంది. అంతకన్నా ముందు కాంటాక్ట్ లోడ్ చూడండి: నిజంగా ఆనేది 2 × 0.60 × 0.08 = 0.096 చ.మీ. మాత్రమే, అంటే చ.మీ.కు 2,500 కిలోలు. ఇది లిమిట్ మించితే హనీకోంబ్ ప్యానెల్ (లోపల తేనెపట్టులా గుల్లగా ఉండే నేల పలక) నొక్కుకుపోతుంది. మూడోది రన్నింగ్ లోడ్, ముక్కు నుంచి తోక దిశలో మీటరుకు ఎంత అన్నది. 60 సెం.మీ. వైపు ఆ దిశలో పెడితే 400, అడ్డం తిప్పితే 480. అదే అడ్డవరుసలో పెట్టె పక్కన బ్యాగులు పేరిస్తే వాటి బరువూ ఇందులో కలపాలి. చాలాసార్లు తప్పిపోయేది ఇక్కడే.

ఇక ప్లైవుడ్. పల్చటి షీటు వంగిపోతుంది, బరువు రన్నర్ల కిందే ఉండిపోతుంది. చెక్కలో బరువు 45 డిగ్రీల కోణంలో విస్తరిస్తుందని లెక్క, అంటే మందం ఎంతో పక్కకు అంతే. 12 మి.మీ. షీటు ఎంత పెద్దదైనా రన్నర్‌కు ఇటు 12, అటు 12 మి.మీ. మాత్రమే కలుస్తుంది.

5 సెం.మీ. మందం, 15 వెడల్పు, 70 పొడవు ఉన్న పలకలు నాలుగు తీసుకుని రన్నర్లకు అడ్డంగా, ఖాళీ లేకుండా పరవండి. వాటి బరువు సుమారు 10 కిలోలు, మొత్తం 250. ఒక్కో రన్నర్ 18 సెం.మీ. వెడల్పున్నట్టు లెక్కకొస్తుంది: 250 ÷ 0.216, సుమారు 1,160. బయటి కొలత 60 × 60: 250 ÷ 0.36 = 694, లిమిట్ లోపే. పలక 70 ఉంది కదా అని 70 వేయకండి, రెండు చివర్లా చెరో 5 సెం.మీ. లెక్కలోకి రావు. 1,160ని మాన్యువల్‌లోని కాంటాక్ట్ లిమిట్‌తో, రన్నింగ్ లోడ్‌ను దాని లిమిట్‌తో విడిగా పోల్చాలి. పలకల బరువు లోడ్‌షీట్‌లో చేర్చడం మరవద్దు.

ర్యాంప్‌సేఫ్టీ:
లెక్క అంతా పెట్టె నిలకడగా ఉన్నప్పటిది. లోపలికి తెచ్చేటప్పుడు ఒక అంచు మీద వాల్చి తిప్పితే ఆ క్షణంలో దాదాపు బరువంతా సన్నటి గీత మీద పడుతుంది, ప్యానెల్ చిల్లు పడేది అప్పుడే. పలకలు డోర్ సిల్ (హోల్డ్ తలుపు గడప) దగ్గర నుంచే పరచి, వాటి మీదుగానే జరపండి.

ఇంకొకటి: పలకలు బరువును పరుస్తాయి, ఆపవు. కట్టు వేరే లెక్క. 2013 ఏప్రిల్ 29న బాగ్రామ్‌లో కట్లు చాలక సైనిక వాహనం వెనక్కి జారి 747 కార్గో విమానం కూలింది, అందులోని ఏడుగురూ చనిపోయారు. ముందుకు, వెనక్కు, పక్కలకు, పైకి ఎంత బలం ఆపాలో చూసి స్ట్రాపులు వేయండి. స్ట్రాప్ ఎంత గట్టిదైనా, నేల మీది రింగు ఎంత తట్టుకుంటే అంతే.

కార్గోడెస్క్:
ధన్యవాదాలండీ. 200 లీటర్ల డ్రమ్ములకూ ఇదే లెక్కా?

లోడ్‌కంట్రోల్:
ఇదే, కానీ డ్రమ్ము అడుగంతా ఆనదు, కింది రింగు మాత్రమే ఆనుతుంది. వృత్త వైశాల్యం మొత్తాన్ని కాంటాక్ట్ లోడ్‌కు వాడొద్దు.