ఇంటి ఫైళ్ల బ్యాకప్: మామూలు కాపీ చాలా, ఎన్‌క్రిప్షన్ తప్పదా?

కొర్లగుంట డీటీపీ

తిరుపతిలో చిన్న డీటీపీ షాపు మాది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, అప్పుడప్పుడు పుస్తకాల పేజీలు చేస్తుంటాం. షాపు ఫైళ్లు, ఇంటి ఫొటోలు, ఆస్తి పత్రాల స్కాన్లు అన్నీ ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయి. నెలనెలా డబ్బు కట్టకుండా ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే బ్యాకప్ తీసుకుందామని అనుకున్నాం. అంతవరకు ఇంట్లో అందరిదీ ఒకే మాట.

ఫోల్డర్లను కాపీ చేసే ఫ్రీఫైల్‌సింక్ ప్రోగ్రామ్‌తో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి మామూలు కాపీ తీస్తే చాలని నేనంటున్నా. రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేకుండా తాళం వేసి, దాచాలని మా తమ్ముడు పట్టుబట్టాడు. నేను ఊళ్లో లేనప్పుడు మా ఆవిడ డిస్క్ పెట్టి ఫోల్డర్ తెరిస్తే ఫైల్ కనబడాలి, ఏ పాస్‌వర్డూ అడగకూడదు. నాకు కావలసింది అదే. మీరేమంటారు?

పుత్తూరు లినక్స్

మీ తమ్ముడు చెప్పిందే కరెక్ట్ అన్నా. ఆస్తి పత్రాలు, ఆధార్, పాన్ స్కాన్లు ఉన్న డిస్క్‌ను బస్సులో మర్చిపోతే, దొరికినవాడు ఏ అడ్డూ లేకుండా అన్నీ చూస్తాడు. రెస్టిక్‌లో ఆ భయం లేదు, అది దాచే ప్రతిదీ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది.

ఇంకో లాభం ఉంది. రెస్టిక్ ఫైళ్లను ముక్కలు చేసి, ఇదివరకే దాచిన ముక్కను మళ్లీ దాచదు. రోజూ స్నాప్‌షాట్ (ఆ రోజు ఫైళ్లు ఎలా ఉన్నాయో అలాగే ఒక బ్యాకప్) తీసినా మారిన భాగమే కొత్తగా చేరుతుంది. పోయిన నెల పత్రిక ఎలా ఉందో అలాగే వెనక్కి తెచ్చుకోవచ్చు. బోర్గ్ అనే ప్రోగ్రామ్ కూడా ఇదే పని చేస్తుంది. కానీ అది విండోస్‌లో నేరుగా నడవదు. మీది విండోసే అయి ఉంటుంది కాబట్టి రెస్టిక్ మేలు.

చిత్తూరు టీచర్

పాస్‌వర్డ్ మర్చిపోతే ఏం చేయాలో కూడా చెప్పు బాబూ. రెస్టిక్ తయారు చేసినవాళ్లు కూడా దాన్ని తెరవలేరు. ఇంట్లో కంప్యూటర్ చూసుకునే మనిషి ఆస్పత్రిలో ఉన్నా, లేకుండా పోయినా, పిల్లల చిన్నప్పటి ఫొటోలన్నీ ఆ మనిషితోనే పోతాయి. దొంగ చూస్తాడన్న భయం కంటే మనవాళ్లు చూడలేకపోతారన్న భయమే నాకు ఎక్కువ. ఎక్కువ ఇళ్లలో జరిగేది రెండోదే.

పుత్తూరు లినక్స్

మేడమ్, రెస్టిక్‌లో ఒకే రెపోకు (రెస్టిక్ బ్యాకప్ దాచే ఫోల్డర్) ఎన్ని పాస్‌వర్డ్‌లైనా పెట్టుకోవచ్చు. అన్నకొకటి, వదినకొకటి. కాగితం మీద రాసి బీరువాలో ఆస్తి పత్రాలతో పాటు పెడితే ఆ టెన్షన్ ఉండదు.

చిత్తూరు టీచర్

పాస్‌వర్డ్ చేతిలో ఉంటే సరిపోతుందా? రెస్టిక్ మౌస్‌తో నడవదు, నల్ల తెర మీద కమాండ్లు కొట్టాలి. అవి ఎవరు కొడతారు? ఫైల్ పోయిన కంగారులో ఉన్నవాళ్లు కొత్తగా కమాండ్లు నేర్చుకోలేరు.

ఎం.ఆర్.పల్లె

తాళం సంగతి తర్వాత, ముందు డిస్క్ ఎక్కడుంటుందో అడగండి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఎలా మునిగాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. రాయలచెరువు కట్ట లీకవుతోందని కింది ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు. కంప్యూటరూ బ్యాకప్ డిస్కూ ఒకే బల్ల మీదుంటే రెండూ ఒకేసారి తడుస్తాయి. 3-2-1 అని చెప్పేది ఇందుకే: మొత్తం మూడు కాపీలు, రెండు రకాల మీడియా, అందులో ఒకటి వేరే చోట.

పని అయ్యాక డిస్క్ వైరు పీకేయండి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి, అందులో చిత్తూరు జిల్లావీ ఉన్నాయి. అలాంటిది సోకితే ఎప్పుడూ తగిలించి ఉన్న డిస్క్‌ను కూడా వదలదు. ఫ్రీఫైల్‌సింక్‌లో మిర్రర్ (కంప్యూటర్‌లో ఉన్నట్టే డిస్క్‌నూ మార్చేది) పెట్టినవాళ్లు వెర్షనింగ్ (పాత కాపీలనూ ఉంచేది) తప్పకుండా ఆన్ చేయాలి. లేకపోతే చెడిన ఫైలే వచ్చి మంచి కాపీ మీద కూర్చుంటుంది.

గాంధీరోడ్డు ప్రింట్స్

నాదీ డీటీపీ పనే, ఒక్క మాట. అను అనే తెలుగు ఫాంట్లలో కొట్టిన పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైళ్లు యూనికోడ్ కావు, అంటే ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే తెలుగు అక్షరాలు కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనబడతాయి. డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఒక్కటే కాపీ చేస్తే ఫాంట్లు అందులోకి రావు. ఫాంట్ల ఫోల్డర్‌నూ కలపండి, అయిపోయిన ప్రతి పనికీ పీడీఎఫ్ తీసి పక్కన పెట్టండి. కాపీ ఎన్‌క్రిప్టెడా, మామూలుదా అన్నది దీని తర్వాతి సంగతి. చదవలేని ఫైల్‌ను ఎలా దాచినా ఒకటే.

పుత్తూరు లినక్స్

ఫాంట్ల మాట నాకు తట్టలేదు, చాలా మంచి పాయింట్.

టీచర్ గారికి జవాబు. రెస్టిక్ అంటే ఒకే ఒక్క ప్రోగ్రామ్ ఫైల్, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. దాన్ని అదే డిస్క్‌లో, రెపో పక్కన పెట్టొచ్చు. ఏం చేయాలో తెలుగులో ఒక పేజీ రాసి అక్కడే ఉంచండి. కమాండ్లు అసలే వద్దనుకుంటే కోపియా ఉంది, అదీ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, మౌస్‌తో నడుస్తుంది. అయినా నా అభిప్రాయం మారింది. ఇంట్లో బీరువాలో ఉండే డిస్క్ మామూలు కాపీగా ఉన్నా ఫర్వాలేదు. గడప దాటి వెళ్లే డిస్క్‌కు మాత్రం ఎన్‌క్రిప్షన్ ఉండి తీరాలి.

చిత్తూరు టీచర్

గడప దాటి వెళ్లేది అక్కచెల్లెళ్ల ఇంటికే అయినా తాళం కావాలంటావా? ఇల్లు మునిగినప్పుడు మిగిలేది ఆ డిస్క్ ఒక్కటే. సరిగ్గా ఆ రోజు అవసరమయ్యేదాన్ని తెరవడం కష్టం చేయడం నాకు నచ్చలేదు. ఆధార్, ఆస్తి పత్రాలకు కావాలంటే తాళం వేసుకోండి. ఫొటోలకు ఎందుకు?

కొర్లగుంట డీటీపీ

టీచర్ గారు చెప్పినట్టు రెండుగా విడదీయడం బాగుంది. ఫొటోలు, షాపు ఫైళ్లు, ఫాంట్లు, పీడీఎఫ్‌లు మామూలు కాపీగా రెండు డిస్కుల్లో పెడతాను, ఒకటి మా చెల్లెలి ఇంటికి చిత్తూరు పంపిస్తాను. పత్రాలు మాత్రం రెండింట్లోనూ రెస్టిక్‌లో ఉంటాయి. ఈ ఆదివారం మా తమ్ముడు రాసిన కాగితం చూసి, మా ఆవిడ వేరే ల్యాప్‌టాప్‌లో ఒక పత్రం వెనక్కి తీయాలి. నేనూ తమ్ముడూ ఆ గదిలో ఉండం. ఆమె తీయలేకపోతే కాగితం మళ్లీ రాయాల్సింది వాడే.

పుత్తూరు లినక్స్

ఆ కాగితంలో ఒక లైన్ కలపమనండి అన్నా: ఆర్నెల్లకోసారి రెస్టిక్ చెక్ (బ్యాకప్ చెడిపోలేదని చూసే కమాండ్), రీడ్-డేటా ఆప్షన్‌తో. ఆ ఆప్షన్ లేకుండా చెక్ చేస్తే దాచిన డేటా మొత్తాన్ని చదివి చూడదు.