తోటి నర్సు తప్పు కంటపడితే ముందు ఆమెకి చెప్పాలా, నేరుగా రిపోర్టు రాయాలా?

వార్డుసిస్టర్: గవర్నమెంట్ హాస్పిటల్లో మెడికల్ వార్డు నాది, 11 ఏళ్ల సర్వీసు. పోయిన వారం పొద్దున హ్యాండోవర్ తీసుకుంటుంటే ట్రేలో మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే ఇన్సులిన్ వయల్ పక్కన నారింజ మూత సిరంజి కనిపించింది. నైట్ డ్యూటీలో ఉన్నది కాంట్రాక్టు అమ్మాయి. "ఎంత లాగావమ్మా" అంటే "20 గీత దాకా అక్కా" అంది. అది మిల్లీలీటరుకి 100 యూనిట్లుండే మందుకి గీతలేసిన సిరంజి కదా, 20 యూనిట్లు వెళ్లాల్సిన పేషెంటుకి వెళ్లింది 8 యూనిట్లే. ఫాస్టింగ్ షుగర్ 340. డ్యూటీ డాక్టర్‌కి చెప్పాను, చూసుకున్నారు, పేషెంటు బాగానే ఉన్నాడు. తర్వాత ఇన్సిడెంట్ రిపోర్టు రాసి పైకి పంపాను. అప్పట్నుంచి వార్డులో ఎవరూ నాతో మాట్లాడట్లేదు. టీ వస్తే నా గ్లాసు ఉండదు. నేను చేసింది తప్పా?

రిటైర్డ్‌హెడ్‌నర్స్: రాయడం తప్పు కాదమ్మా. ఆ పిల్లకి చెప్పకుండా రాశావు చూడు, అది తప్పు. పక్కకి పిలిచి "ఇది రాయక తప్పదు, నువ్వు కూడా చదువు" అని ఆమె ముందు రాస్తే ఇంత గొడవ ఉండేది కాదు. మా రోజుల్లో పెద్ద సిస్టర్ తిట్టినా డ్యూటీ రూములో తలుపేసి తిట్టేది.

ఐసీయూబ్రదర్: చెప్పి రాశారా, చెప్పకుండా రాశారా అన్నది తర్వాత. అసలు ప్రమాదం ఎవరికీ పట్టట్లేదేంటి? 40 వయల్‌కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత. ఈసారి డోసు తగ్గింది కాబట్టి బతికిపోయాం. అదే తిరగబడి, 100 యూనిట్ల మందుని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే వెళ్లేది 50 యూనిట్లు. తెల్లారేసరికి పేషెంటు కోమాలో ఉండొచ్చు. ఇద్దరు చూసి ఇద్దరూ సంతకం పెట్టాల్సిన మందు ఇది.

చిన్నారి: రాత్రి రెండో సంతకానికి ఎవర్ని పిలవాలి బ్రదర్, వాచ్‌మెన్‌నా?

కాంట్రాక్టునర్స్: టీచింగ్ హాస్పిటల్ జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ కాగితం మీద ఉంది. నేను ఒక్కదాన్నే 40 మందిని చూసిన రాత్రులు ఉన్నాయి. సరే, అది వదిలేయండి. రెండేళ్ల కిందట మా దగ్గర ఒక రెగ్యులర్ మేడమ్ ఒకరి యాంటీబయాటిక్ ఇంకొకరికి పెట్టారు. "జాగ్రత్తమ్మా" అని వదిలేశారు. నెల తిరక్కుండా నేను ఐవీ లైన్ మార్చడం ఆలస్యం చేశానని మెమో ఇచ్చారు, రెన్యువల్ టైములో అదే ఫైలు ముందుకొచ్చింది. మా పేరు కూడా ఎవరికీ తెలీదు, "ఏయ్ కాంట్రాక్టూ" అంటారు. మీరు రాసింది రిపోర్టే అక్కా, ఆ అమ్మాయికి మాత్రం అది ఉద్యోగం.

వార్డుసిస్టర్: నేనెవర్నీ అలా పిలవను. ఇంజెక్షన్ తప్పు పెట్టినా కాంట్రాక్టు అని జాలిపడి ఊరుకోమంటారా? ఆ మంచం మీద మీ నాన్న ఉంటే ఇలాగే అంటారా?

కాంట్రాక్టునర్స్: మా నాన్న జోలికి రాకండి. ఒక్కటి అడుగుతా, సూటిగా చెప్పండి. ఆ రాత్రి వార్డులో ఎర్ర మూత సిరంజిలు ఉన్నాయా?

ఐసీయూబ్రదర్: ఉన్నా లేకపోయినా వయల్ మీద 40 అని రాసే ఉంటుంది. చదవాలి కదా.

చిన్నారి: బ్రదర్, కాసేపు ఆగండి.

వార్డుసిస్టర్: లేవు. అప్పటికి మూడు రోజుల నుంచి స్టోరు వాళ్లు పంపలేదు. మేమంతా నారింజ మూత వాటితోనే మనసులో లెక్కేసుకుని 20 యూనిట్లకి 50 గీత దాకా లాగుతూ వచ్చాం. ఆ అమ్మాయి సెలవు మీద ఉండి ఆ రాత్రే వచ్చింది. ఆ మాట ఎవరూ ఆమెకి చెప్పలేదు.

కాంట్రాక్టునర్స్: రిపోర్టులో అది రాశారా?

వార్డుసిస్టర్: రాయలేదు. కావాల్సినవి పంపమని స్టోరుకి ఇండెంట్ పెట్టాల్సింది ఇన్‌ఛార్జ్ మేడమ్, రాస్తే ఆమెకి చుట్టుకుంటుందని... ఆమె కింద నేను ఇంకా నాలుగేళ్లు పని చేయాలి.

కాంట్రాక్టునర్స్: అదీ సంగతి. మేడమ్ పేరు రాయడానికి భయం, పిల్ల పేరు రాయడానికి లేదు. మీతో ఎవరూ మాట్లాడకపోవడానికి కారణం రిపోర్టు అనుకుంటున్నారా?

రిటైర్డ్‌హెడ్‌నర్స్: ఇంక చాలు తల్లీ, ఆమె ఒప్పుకుంది కదా. వార్డుసిస్టర్, పాత కాగితంలో ఒక్క అక్షరం కూడా కొట్టేయకు. ఇవాళ్టి తేదీతో వేరే నోట్ రాయి. సిరంజిలు ఏ రోజు నుంచి లేవో, మీరంతా ఏం చేస్తున్నారో, ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదని, అన్నీ రాయి. ఈసారి ఆమెకి చూపించాకే పంపు.

వార్డుసిస్టర్: ఆమెకి రేపు నైట్ ఉంది. ఎనిమిదింటి దాకా ఆగి కలుస్తాను.

చిన్నారి: ఇంతకీ ఎర్ర మూతలు వచ్చాయా?

వార్డుసిస్టర్: రిపోర్టు వెళ్లిన మర్నాడే రెండు డబ్బాలు పంపారు.