'గా' ఉంటే అడ్వర్బే కదా? మరి నా రిపోర్టులో 'లీ' ఎందుకు కొట్టేశారు?

భీమవరం_క్వాలిటీ:
నమస్కారం అండి. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో క్వాలిటీ సెక్షన్‌లో చేస్తున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, డిగ్రీ పేరుకి ఇంగ్లీష్ మీడియమే కానీ గైడ్లు బట్టీ పట్టి పాసయ్యాను. ఇప్పుడు వచ్చిన ప్రతి లాట్‌కీ రంగు, వాసన, గట్టిదనం, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూసి ఇంగ్లీషులో రిపోర్టు రాయాలి. మొన్న ఒక లాట్ వాసన కొడుతుంటే 'ద ష్రింప్ స్మెల్స్ బ్యాడ్లీ' అని రాశాను. మా సార్ ఎర్ర పెన్నుతో 'లీ' కొట్టేశారు. అదే పేజీలో కింద 'ద వర్కర్ క్లీన్డ్ ద ట్రే కేర్‌ఫుల్' అని రాస్తే అక్కడేమో 'లీ' చేర్చారు. ఒక చోట తీసేసి ఇంకో చోట ఎందుకు పెట్టారో అడగాలంటే మొహమాటం, షిఫ్ట్ అంతా అదే టెన్షన్.
చిన్నప్పుడు ట్యూషన్‌లో చెప్పింది నాకు బాగా గుర్తు: 'మైన' వస్తే అడ్జెక్టివ్, 'గా' వస్తే అడ్వర్బ్. అందమైన అంటే బ్యూటిఫుల్, అందంగా అంటే బ్యూటిఫుల్లీ. ఆ లెక్కన నేను రాసింది కరెక్టే కదండీ? ఇంకోటి, 'డిడ్ నాట్ కేమ్' అని రాసేస్తుంటాను, తప్పని తెలిసినా చెయ్యి అటే పోతుంది. ఇవి ఎలా ప్రాక్టీస్ చేయాలో ఎవరైనా చెప్పండి.

రావులపాలెం_టీచర్:
అమ్మా, ట్యూషన్‌లో చెప్పింది సగమే. మన 'గా' రెండు పనులు చేస్తుంది, అక్కడే అందరూ దెబ్బతింటారు. 'ఆమె నెమ్మదిగా నడుస్తోంది' అన్నప్పుడు నెమ్మదితనం నడకది. 'పులుసు పుల్లగా ఉంది' అన్నప్పుడు పులుపు ఎవరిది? పులుసుది. ఉండడం అనే పనిని పులుసు పుల్లగా చేస్తోందని కాదు కదా. తెలుగులో రెండింటికీ 'గా'నే పెడతాం, ఇంగ్లీషు మాత్రం రెండింటినీ విడదీస్తుంది. పని ఎలా జరిగిందో చెబితే అడ్వర్బ్, వస్తువు ఎలా ఉందో చెబితే అడ్జెక్టివ్. లుక్, స్మెల్, టేస్ట్, ఫీల్, సౌండ్, సీమ్, బికమ్ లాంటి వెర్బులు చాలాసార్లు 'ఉంది' పనే చేస్తాయి. 'ఆమె అందంగా కనిపిస్తోంది' అంటే 'షీ లుక్స్ బ్యూటిఫుల్', అక్కడ బ్యూటిఫుల్లీ రాదు.
అనుమానం వస్తే ఆ వెర్బ్ తీసేసి ఈజ్ పెట్టి చూడండి. 'ద ష్రింప్ ఈజ్ బ్యాడ్', అర్థం నిలబడింది, కాబట్టి 'స్మెల్స్ బ్యాడ్'. 'ద వర్కర్ ఈజ్ ద ట్రే కేర్‌ఫుల్', అసలు వాక్యమే కాలేదు, కాబట్టి కేర్‌ఫుల్లీ. అయితే ఒక్క జాగ్రత్త. స్మెల్ అన్న మాటే మీరు ముక్కు దగ్గర పెట్టుకుని చూసిన పనికీ వాడతారు, అప్పుడు 'ఐ స్మెల్డ్ ద శాంపిల్ కేర్‌ఫుల్లీ' అనాల్సిందే. మాట అదే, పని వేరు.
'లీ' తగిలించడం మొదలెట్టాక అన్నిటికీ తగిలించేస్తారు, అది ఇంకా ప్రమాదం. ఫాస్ట్‌కి అడ్వర్బ్ కూడా ఫాస్టే. హార్డ్ కూడా అంతే. 'షీ వర్క్స్ హార్డ్' అంటే కష్టపడుతుంది, 'షీ హార్డ్లీ వర్క్స్' అంటే దాదాపు పని చేయదనే అర్థం. తోటి మనిషి గురించి రిపోర్టులో అలా పడితే ఆ అమ్మాయి ఇంక్రిమెంట్ పోతుంది. లేట్లీ అంటే ఆలస్యంగా కాదు, ఈమధ్య అని. ఫ్రెండ్లీ చివర లీ ఉన్నా అడ్జెక్టివే. గుడ్‌కి అడ్వర్బ్ వెల్.

ముక్తేశ్వరం_రేవు:
మాస్టారు చెప్పాక దాని మీద నేను చెప్పేదేం లేదు. 'డిడ్ నాట్ కేమ్' సంగతి చెబుతాను, నాకూ రెండేళ్ళు పట్టింది అది వదలడానికి. మన తెలుగులోనే చూడండి. 'లారీ వచ్చింది' కాదనాలంటే 'వచ్చింది లేదు' అంటామా? 'రాలేదు' అంటాం. 'వచ్చింది'లో ఉన్న రూపం పోయి, జరగలేదన్న సంగతంతా 'లేదు' మోస్తోంది. ఇంగ్లీషులో ఆ మోత డిడ్‌ది, అందుకే పక్కన ఉత్త 'కమ్' చాలు. ఇది తట్టిన రోజు నుంచి నా చెయ్యి తప్పు రాయలేదు.
ప్రాక్టీస్ అంటారా, నేను రోజూ కోటిపల్లి రేవులో బండితో పంటు (బండ్లనీ మనుషుల్నీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి ముక్తేశ్వరం దిగుతాను. గోదారి దాటే ఆ కాసేపూ కనిపించిన దాని మీదే వాక్యాలు, నోటితో, పక్కవాళ్ళు చూసినా సరే. 'పంటు రోజూ వస్తుంది', 'పంటు రేపు వస్తుంది', మనకి రెండూ 'వస్తుంది'నే. అందుకే రోజూ జరిగేదానికి కూడా 'విల్ కమ్' అనేసేవాణ్ణి. రోజూ అయితే 'కమ్స్', రేపు అయితే 'విల్ కమ్'. హ్యాజ్ ఎక్కడ పెట్టకూడదో కూడా అక్కడే పట్టుబడింది, గోదారి మీద ఆనకట్ట కట్టించిన కాటన్ దొర గురించి అనుకున్న వాక్యంతో: 'కాటన్ కంప్లీటెడ్ ది ఆనికట్ ఇన్ 1852'. గడిచిపోయిన సంవత్సరం చెప్పాక 'హ్యాజ్ కంప్లీటెడ్' అనకూడదు.

తణుకు_డిగ్రీ:
ఇంత లెక్కలెందుకండీ, తెలుగులో ఆలోచించడం మానేసి డైరెక్టుగా ఇంగ్లీషులో ఆలోచిస్తే సరిపోతుంది. నేను వీడియోలు చూసి అలాగే నేర్చుకున్నా.

రావులపాలెం_టీచర్:
బాబూ, వీడియోలు మంచివే, చూడమనే నేనూ చెబుతాను. కానీ పాతికేళ్ళు తెలుగులో పెరిగిన మనిషిని తెలుగు మానెయ్యమంటే నోరు కట్టేసినట్టు ఉంటుంది. ఎక్కడ తెలుగు దారి, ఇంగ్లీషు దారి విడిపోతాయో చూపిస్తే చాలు, తప్పు ఆ మలుపులోనే జరుగుతుంది. అమ్మా, ఈ రోజు రిపోర్టులో నాలుగు వాక్యాలు ఇక్కడ పెట్టండి, చూస్తాను.

భీమవరం_క్వాలిటీ:
చాలా థాంక్స్ అండి అందరికీ. 'రాలేదు' సంగతి చదివి బస్సులో మూడుసార్లు అనుకున్నాను. ఇవిగో ఇవాళ్టివి:
'ది ఐస్ మెల్టెడ్ క్విక్లీ. ద ట్రక్ డిడ్ నాట్ కమ్ ఆన్ టైమ్. ద షెల్ ఫీల్స్ సాఫ్ట్. ద కలర్ లుక్స్ గుడ్ అండ్ ద మీట్ ఈజ్ ఫర్మ్లీ.'

రావులపాలెం_టీచర్:
చివరి మాట ఒక్కటే, అమ్మా. మాంసం గట్టిగా ఉంది, అంటే ఫర్మ్. అక్కడ మీరే ఈజ్ రాశారు చూడండి. మిగతావి అన్నీ సరిగ్గా ఉన్నాయి, రేపటివి కూడా పెట్టండి.