సమస్యాపూరణం: "కోట నిచ్చివేసి కోట గెలిచె"

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. విషయం పూసపాటి అశోక్ గజపతిరాజు గారి రాజకీయ జీవితం. స్తోత్రాలు వద్దు, చరిత్రకు నిలబడే పద్యం కావాలి. విజయనగరం కోట 1713 నాటిది. తండ్రి పి.వి.జి. రాజు గారు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి ఆ కోటను చదువులకు ఇచ్చేశారు. ఇక పూరించండి.

పూరణ 1

తండ్రి దానమిచ్చె ధర్మసంస్థకుఁ గోట
తనయుఁ డేగె సభకుఁ దండ్రిపేర
పూసపాటివారి పుణ్యమేమనవచ్చు
కోట నిచ్చివేసి కోట గెలిచె

నిర్వాహకుడు: మాస్టారూ, నడక హాయిగా ఉంది, గణాలు, యతులు సరిపోయాయి. చిక్కు వ్యాకరణంలో ఉంది. "ఇచ్చివేసి" క్త్వార్థకం (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ) కనుక ఇచ్చినవాడూ గెలిచినవాడూ ఒక్కరే కావాలి. మీ పద్యంలో ఇచ్చింది తండ్రి, గెలిచింది కొడుకు. సమస్యలోని ముడే అది, మీరు దాన్ని విప్పకుండా దాటేశారు. "తండ్రిపేర" అన్నదీ నాకు రుచించలేదు. 1978లో రాష్ట్రమంతా ఇందిరా కాంగ్రెస్ గాలి వీస్తుంటే, 26 ఏళ్ల కుర్రాడు జనతా పార్టీ తరఫున నిలబడి నెగ్గాడు. ఇంటిపేరు అండగా ఉండే ఉంటుంది, కానీ ఎదురుగాలిలో అదొక్కటే గట్టెక్కించదు.

పూరణ 2

చదువులమ్మ గుడిగ సౌధమ్ము మార్చెను
జనుల యెదుట నిల్చె సాటిగాను
రాజవంశ మిట్లు రాజ్యాంగమును నమ్మి
కోట నిచ్చివేసి కోట గెలిచె

నిర్వాహకుడు: వంశాన్నే కర్తను చేసి ముడి విప్పారమ్మా, భేష్. మొదటి పాదంలో చ–సౌ యతి కూడా ముచ్చటగా పడింది. అయితే ఇందులో అశోక్ గారు లేరు. ఏ సంస్థానం పేరు పెట్టినా పద్యం చెల్లిపోతుంది.

పూరణ 3

శాసనసభ సీటు సాటివారికి వీడి
లోకసభకు నేగె లోటు లేక
విజయనగర రాజు, విడ్డూర మిది గాదె!
కోట నిచ్చివేసి కోట గెలిచె

నిర్వాహకుడు: ఇదీ పూరణంటే! రాతికోట జోలికే పోకుండా నియోజకవర్గాన్నే కోట చేశారు. 1978 మొదలు 2009 దాకా అశోక్ గారు నిలబడ్డ విజయనగరం అసెంబ్లీ స్థానం అది. తెలుగుదేశం పుట్టాక 1983, 85, 89, 94, 99లలో వరసగా గెలిపించింది. 2004లో ఒక స్వతంత్ర అభ్యర్థి చేతిలో ఓడించి, 2009లో మళ్లీ అక్కున చేర్చుకుంది. 2014లో ఆ స్థానం పార్టీలో మరొకరికి వదిలి లోక్‌సభకు నిలిచి గెలిచారు, పౌర విమానయాన మంత్రి అయ్యారు. ఇచ్చింది ఆయనే, గెలిచింది ఆయనే.

రెండు మాటలు మాత్రం మారాలి. "లోటు లేక" యతి కోసం తెచ్చిన పూరకం. "లోకమెఱుఁగ" అంటే యతీ నిలుస్తుంది, అర్థమూ కలుగుతుంది. "విజయనగర రాజు" వినగానే పాఠకుడు హంపీకి పోతాడు. "పూసపాటిరాజు పోకడ యిది గాదె" అని చూడండి.

ఒక సభ్యుడు: సీటు ఇచ్చేది పార్టీ కదండీ, ఆయన ఇచ్చారనడం చెల్లుతుందా?

పూరణ 3 కవయిత్రి: అందుకే "వీడి" అని వాడానండీ. ఏడుసార్లు గెలిచిన చోటును వదులుకోవడం టికెట్టు కాగితం మీద కనిపించే సంగతి కాదు. హంపీ మాట నిజమే, ఆ పాదం మారుస్తాను. "లోటు లేక" మాత్రం ఉంచుతాను, ఆయన నడవడిలో నేను చూసేది అదే.

పూరణ 4

ఓటమి చవిచూచి యూరకుండక నిల్చి
కూఁతు చేతఁ బెట్టెఁ గొల్వు బరువు
గోవ కేగినాఁడు కొత్తబాధ్యత తోడ
కోట నిచ్చివేసి కోట గెలిచె

నిర్వాహకుడు: నాలుగు పూరణల్లో ఓటమిని తలచుకున్నది మీరొక్కరే, అందుకు నా నమస్కారం. 2004 ఒక్కటే కాదు, 2019లో లోక్‌సభ స్థానమూ పోయింది. "చవిచూచి యూరకుండక" దగ్గర యడాగమం, యతి చక్కగా కుదిరాయి. కానీ గోవా గవర్నరు పదవి గెలుపు కాదు. 2025 జులైలో వచ్చింది రాష్ట్రపతి నియామకం, రాజ్యాంగం 155వ అధికరణం ప్రకారం. 2024లో విజయనగరం అసెంబ్లీ గెలిచింది కూతురు. ఆమె గెలుపే మీ ఉద్దేశమైతే మొదటి పూరణలోని కర్తృభేదం మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మొదటి పాదం అలాగే ఉంచి, 2004 ఓటమి నుంచి 2009 గెలుపు దాకా చెప్పి చూడండి. అప్పుడు కోటను ఇచ్చివేసిందీ, తిరిగి గెలుచుకున్నదీ ఆయనే అవుతారు.