డ్రిప్పు సబ్సిడీ: తనిఖీ పైపులకా, నీళ్లకా?

పొదలకూరు నిమ్మరైతు:
మా నాలుగెకరాల నిమ్మతోటకి డ్రిప్పు వేసి రెండేళ్లయింది. చిన్న రైతులకిచ్చే 90 శాతం సబ్సిడీ వచ్చింది, మా వాటా 10 శాతం కట్టాం. పైపులు పరిచిన వారానికి తనిఖీకి వచ్చారు. ఫిల్టర్ చూశారు, పైపుల మీద ఐఎస్ఐ గుర్తు చూశారు, పాస్‌బుక్ చేత్తో పట్టుకోమని నన్ను తోటలో నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. పావుగంటలో అయిపోయింది. మోటారు వేయమని ఎవరూ అడగలేదు.

మొదటి ఎండాకాలంలోనే సంగతి బయటపడింది. బోరు దగ్గరి వరుసల్లో నీళ్లు బాగా పడుతున్నాయి, చివరి వరుసల్లో మట్టే తడవడం లేదు. నిమ్మకి ధర పలికే ఏప్రిల్‌లో పిందె రాలిపోయింది. సబ్‌మెయిన్ పైపు (వరుసలకి నీళ్లు పంచేది) ఒక సైజు తక్కువ వేశారని తర్వాత తెలిసింది. అప్పటికే డ్రిప్పు బిగించిన కంపెనీకి డబ్బంతా వెళ్లిపోయింది. అదే పొలానికి మళ్లీ సబ్సిడీ కావాలంటే 7 ఏళ్లు ఆగాలి.

నేనడిగేది ఒకటే. తనిఖీ రోజు మోటారు వేసి, మొదటి చెట్టు దగ్గర ఒక గ్లాసు, చివరి చెట్టు దగ్గర ఒక గ్లాసు డ్రిప్పరు కింద నిమిషం సేపు పెట్టాలి. గంటకి 8 లీటర్ల డ్రిప్పరైతే నిమిషానికి సుమారు 133 మిల్లీలీటర్లు పడాలి. రెండో గ్లాసులో మొదటిదాంట్లో సగమే పడితే బిల్లు ఆపాలి. ఎండాకాలంలో ఇంకోసారి వచ్చి చూసేదాకా కంపెనీకి కొంత డబ్బు మిగిల్చి ఉంచాలి. మీరేమంటారు?

దర్శి మిరప:
అన్నా, గ్లాసు పరీక్ష బాగుంది. ఎండాకాలం తనిఖీ మాత్రం మాకొద్దు. మిరప కోతలు అయిపోగానే మేం లేటరల్స్ (డ్రిప్పర్లుండే సన్న పైపులు) చుట్టేసి కొట్టంలో పెట్టుకుంటాం. లేకపోతే దుక్కి దున్నలేం, ఎలుకలు కూడా కొరికేస్తాయి. ఏప్రిల్‌లో వచ్చి పొలంలో పైపులు లేవని రాసుకుంటే, సబ్సిడీ పైపులు అమ్ముకున్నామని మామీద పడుతుంది. రావాలనుకుంటే చేను మీద పంట ఉన్నప్పుడు, డిసెంబర్‌లో రండి.

ఉదయగిరి:
నాది ఇంకో బాధ. డ్రిప్పు వేసిన మరుసటి ఏడాదే మా బోరు ఎండిపోయింది. రెండు బోర్లు వేశాం, నీళ్లు పడలేదు. పైపులు ఊరికే ఎండకి పాడైపోతుంటే మా తమ్ముడి తోటలో పరిచాం. నిబంధన ప్రకారం అది తప్పే కావచ్చు. అయినా ఆ నీళ్లతోనే వాడి బత్తాయి బతికింది. ఇప్పుడెవరైనా వచ్చి ఫోటోలో ఉన్న చోట పైపులు లేవు, డబ్బు వెనక్కి కట్టమంటే ఎక్కడినుంచి తేవాలి? తనిఖీలు పెంచమని అడిగేముందు ఇలాంటి వాళ్లని కూడా తలుచుకోండి. ఈ మధ్య ఊర్లోకి జీపు వస్తే నాకు టెన్షన్.

ఫీల్డులో పనిచేశాను:
తనిఖీ వైపు నుంచి ఒక మాట. తనిఖీ చేసేవాడు చాలా ఊళ్లకి ఒక్కడే తిరుగుతాడు. వెళ్లిన పూట త్రీఫేజ్ కరెంటు ఉండకపోతే గ్లాసు పరీక్ష జరగదు. కరెంటు వేళ ముందే కనుక్కుని వెళ్లాలన్నది నేనూ ఒప్పుకుంటాను.

అయితే చివర్లో నీళ్లు రాకపోవడానికి ప్రతిసారీ పైపు సైజే కారణం కాదు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, డ్రిప్పర్ల నోట్లో తెల్లగా పేరుకుపోతుంది. ఫిల్టర్ కడగకపోయినా, లేటరల్స్ చివర ఎండ్ క్యాపులు తీసి మురికి నీళ్లు వదలకపోయినా, ఉప్పు కరిగేలా పైపుల్లోకి యాసిడ్ పంపే ట్రీట్‌మెంట్ చేయకపోయినా ఏడాదిలో మూసుకుపోతాయి. ఎండాకాలం కొలతతో కంపెనీ డబ్బు ఆపితే, తప్పు ఎవరిదన్న గొడవ తెగదు. బిగించిన రోజు కొలత రాసి ఉంటే తెగుతుంది.

కావలి (మా అమ్మాయి లాస్ వేగస్‌లో):
అక్కడ పచ్చగడ్డి తీసేసి తక్కువ నీళ్ల మొక్కలు పెట్టుకుంటే అక్కడి నీటి సంస్థ, సదరన్ నెవాడా వాటర్ అథారిటీ, డబ్బిస్తుంది. మా అమ్మాయి వాళ్ల వీధిలో ఒకాయన ఆత్రంగా ముందే గడ్డి పీకేశాడు, ఒక్క డాలరూ రాలేదు. గడ్డి ఉండగానే వాళ్లొచ్చి చూడాలి, పని అయ్యాక మళ్లీ చూస్తారు. మొక్కలు పెరిగాక కొత్త జాగాలో సగమైనా కమ్మేలా ఉండాలి, నీళ్లు డ్రిప్పుతోనే పెట్టాలి. అది పెరటి సంగతి, మనది పొట్టకూటి సంగతి. ముందొకసారి, తర్వాతొకసారి చూడటం మాత్రం మంచిదే అనిపించింది.

పొదలకూరు నిమ్మరైతు:
ఉదయగిరి అన్నా, మీరు రాసింది చదివి మనసు కష్టమైంది. మీలాంటి వాళ్ల దగ్గర డబ్బు వసూలు చేయాలని నేననలేదు, అనను కూడా. నేను ఆపమన్నది కంపెనీకి వెళ్లే డబ్బు. బోరు ఎండిందని రైతు రాసిస్తే, సొంత మనుషుల పొలంలోకి పైపులు మార్చుకోనివ్వాలి. ఆ పైపులు ఏదో ఒక చోట పంటకి నీళ్లు పెడుతున్నాయా లేదా, అది చూస్తే చాలు.

దర్శి తమ్ముడు చెప్పింది నిజం, నేను నిమ్మ ఒక్కటే చూసుకుని రాశాను. పంటని బట్టి నెల మారాలి.

యాసిడ్ సంగతి కూడా ఒప్పుకుంటాను. మాకది ఎవరూ చేసి చూపించలేదు. అయినా సైజు తగ్గించి వేసిన సబ్‌మెయిన్‌ని యాసిడ్ బాగుచేయదు. బిగించిన రోజు కొలత కాగితం మీద ఉండి, దానికింద నాదీ కంపెనీ మనిషిదీ సంతకాలు ఉంటే ఈ రెండేళ్లు నేనిలా తిరిగేవాణ్ణి కాదు.

ఆదివారం మా ఊర్లో మూడు తోటల్లో గ్లాసులు పెట్టి చూస్తాం, లెక్క ఇక్కడ రాస్తాను. మీ తోటల్లో కూడా చూసి ఎన్ని మిల్లీలీటర్లు పడ్డాయో, డ్రిప్పు వేసి ఎన్నాళ్లయిందో రాయండి.