రెండు స్టేజిలు గెలిచిన అమ్మాయి టూర్ ఎట్టా ఓడిపోయింది?

కావలి_మేనమామ:

అందరికీ నమస్తే. మాది కావలి. మా అక్క కూతురు పదో తరగతి, రోజూ సైకిల్ మీదే బడికి పోయొస్తుంది. ఈ మధ్య దానికి ఆడవాళ్ల టూర్ ద ఫ్రాన్స్ (ఫ్రాన్స్‌లో రోజుల తరబడి జరిగే సైకిల్ రేసు, అందులో ఒక్కో విడతని స్టేజి అంటారు) పిచ్చి పట్టింది, ఫోన్ దొరికితే చాలు పాత రేసుల హైలైట్స్ పెట్టుకుని కూర్చుంటుంది. మొన్న నన్నొక ప్రశ్న అడిగింది. 2024లో డెమీ వోలెరింగ్ అనే డచ్ అమ్మాయి రెండు స్టేజిలు గెలిచింది, అందులో ఒకటి చివరి రోజు ఆల్ప్ ద్యుయెజ్ కొండ మీద. పోలండ్ అమ్మాయి కాశా నీవియాదోమా ఎనిమిది స్టేజిల్లో ఒక్కదాంట్లో కూడా మొదట రాలేదు. అయినా టూర్ కాశాదే అన్నారు, అదీ నాలుగంటే నాలుగు సెకన్ల తేడాతో. "గెలిచినామె ఎట్టా ఓడింది మామయ్యా?" అంటుంది. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి, దానికి చదివి వినిపిస్తా.

ఇంకో సంగతి, తనూ రేసుల్లోకి వెళ్తానంటోంది. మా వైపు అంతా చదును, కొండల్లేవు, హైవే ఎక్కితే లారీలు. ఇప్పటికే ఆలస్యమైందా? దీనికి దారేదైనా ఉందా, లేకపోతే పిల్లకి లేనిపోని ఆశ పెట్టినట్టవుతుందా? మా అక్కా బావా నన్నే అడుగుతున్నారు.

ఒంగోలు_పొద్దుటి_రైడ్:

అన్నా, ముందు పాప ప్రశ్నకి జవాబు. స్టేజి గెలవడం వేరు, టూర్ గెలవడం వేరు. ప్రతి రోజూ ఎవరు ఎన్ని గంటల, నిమిషాల, సెకన్లలో వచ్చారో రాసుకుంటారు, అన్ని రోజులదీ కూడితే ఎవరి మొత్తం తక్కువో వాళ్లది పసుపు జెర్సీ, ఆఖర్న అది ఎవరి మీదుంటే టూర్ వాళ్లది. గుంపుగా కలిసి వచ్చినవాళ్లందరికీ ఒకటే టైమ్ వేస్తారు కాబట్టి చదును స్టేజిలో అరవై మంది ఒక్కసారే లైన్ దాటితే మొదటామెకీ అరవయ్యో ఆమెకీ లెక్కలో తేడా రాదు, బోనస్ తప్ప. బోనస్ అంటే మొదటి ముగ్గురికీ వాళ్ల టైమ్‌లోంచి 10, 6, 4 సెకన్లు తీసేస్తారు. ఈ బోనస్ సంగతి గుర్తుపెట్టుకోమను, కింద పనికొస్తుంది.

2024లో ఐదో స్టేజి ఆమ్‌నెవీల్ దాకా. వోలెరింగ్ పసుపు జెర్సీలో ఉంది. ఇంకో ఆరు కిలోమీటర్లు ఉందనగా గుంపులో చాలామంది పడ్డారు, వాళ్లలో ఆమె కూడా ఉంది. మామూలుగా చివరి మూడు కిలోమీటర్ల లోపల పడితే తన గుంపు టైమే ఇస్తారు, అంతకు ముందు పడితే మాత్రం పోయిన టైమ్ పోయినట్టే. లేచి, సైకిల్ సరిచూసుకుని, మళ్లీ తొక్కి వచ్చేసరికి నిమిషంన్నర పైగా పోయింది. ఆ రోజు స్టేజి గెలిచింది ఆమె టీమ్ అమ్మాయే, బ్లాంకా వాస్. ముందు టీమ్ మేట్ గెలుస్తుంటే వెనక లీడర్ ఒంటరిగా తొక్కుకుంటూ వచ్చింది, దాని మీద అప్పట్లో పెద్ద చర్చే నడిచింది. పసుపు జెర్సీ కాశాకి పోయింది.

ఇక చివరి రోజు. దాదాపు 150 కిలోమీటర్లు, అంటే మన ఒంగోలు నుంచి ఇంచుమించు గూడూరు దాకా, దాన్లో గ్లాందోన్ కనుమ ఒకటి, ఆఖర్న ఆల్ప్ ద్యుయెజ్ ఒకటి. ఆల్ప్ ద్యుయెజ్ ఎక్కుడు 13.8 కిలోమీటర్లు, 21 మలుపులు, వంద మీటర్లు ముందుకి పోతే సగటున ఎనిమిది మీటర్లు పైకి ఎక్కాలి. ఆ రోజు పొద్దున కాశా కంటే వోలెరింగ్ 1 నిమిషం 15 సెకన్లు వెనక ఉంది. గ్లాందోన్ మీదే దాడి చేసి వెళ్లిపోయింది, ఆమె వెంట పౌలీనా రోయాకర్స్ ఒక్కతే నిలబడింది. కాశా వాళ్ల వెనకే అంటిపెట్టుకుని పోలేకపోయింది. కానీ కంగారుపడి ఉన్న బలమంతా ఒక్కసారే ఖర్చుపెట్టలేదు, వెనక గుంపులో ఉండి, లోయలో వేరే టీమ్ వాళ్లు కూడా ముందుండి గాలికి ఎదురు తొక్కుతుంటే వాళ్ల చాటు వాడుకుని, మిగిలిన బలంతో చివరి కొండ ఎక్కింది. వోలెరింగ్ మొదట వచ్చింది, 10 సెకన్ల బోనస్. కాశా నాలుగో స్థానంలో 1 నిమిషం 1 సెకను తర్వాత వచ్చింది, బోనస్ లేదు. 75 సెకన్లలోంచి 61 పోతే 14, బోనస్ 10 పోతే 4. అంతే లెక్క. మగవాళ్ల టూర్‌లో ఇంతవరకూ అతి తక్కువ తేడా 1989లో అమెరికా రైడర్ లెమాండ్ గెలిచినప్పటి 8 సెకన్లు, ఇది అందులో సగం.

నా మటుకు టూర్ తేలింది ఎనిమిదో స్టేజిలో కాదు, ఐదో స్టేజిలో. స్టేజి రేసు అంటే ఎక్కువసార్లు గెలవడం కాదు, చెడ్డ రోజు వచ్చినప్పుడు తక్కువ పోగొట్టుకోవడం. వోలెరింగ్ చివరి రోజు తొక్కిన తొక్కుడు చూసి నాకు ఒళ్లు జలదరించింది, ఆమె ఓడిందంటే ఇప్పటికీ మనసొప్పదు. అట్టని కాశాది అదృష్టం అంటే మాత్రం ఒప్పుకోను.

నెల్లూరు_పెన్నాగట్టు:

పైన అన్న బాగా చెప్పారు. నేను ఆడవాళ్ల వైపు నుంచి కొంచెం చెప్తా, మీ అక్కగారికి చూపించండి.

ఈ రేసు కొత్తది కాదు. 1984లోనే ఆడవాళ్ల టూర్ ద ఫ్రాన్స్ పెట్టారు, 18 స్టేజిలు, అమెరికా ఆమె మేరియాన్ మార్టిన్ గెలిచింది. 1989 తర్వాత దాన్ని ఆపేశారు. ఆ తర్వాత వేరే పేర్లతో ఏవో జరిగాయి గానీ అసలు టూర్ వాళ్లే మళ్లీ ఆడవాళ్లకి స్టేజి రేసు పెట్టింది 2022లో. మధ్యలో ఎంతమంది మంచి రైడర్ల వయసు అయిపోయి ఉంటుందో ఆలోచిస్తే కడుపు మండుతుంది. ప్రపంచ సైక్లింగ్ సంఘం పెద్ద టీమ్‌ల అమ్మాయిలకి కనీస జీతం అని పెట్టిందే 2020లో, ఏడాదికి 15,000 యూరోలు, దాంతోపాటే ప్రసూతి సెలవు. అంతకు ముందు ఉద్యోగం చేసుకుంటూ తొక్కినవాళ్లే ఎక్కువ. ఇప్పటికీ ఆడవాళ్ల టూర్ గెలిస్తే 50,000 యూరోలు, మగవాళ్ల టూర్ గెలిస్తే 5 లక్షల యూరోలు. ఈ తేడా పాపకి ఇప్పుడే చెప్పండి, తెలిసి దిగడం మంచిది.

వయసు సంగతి. 2022లో గెలిచిన అనెమీక్ వాన్ వ్లూటెన్‌కి అప్పుడు 39 ఏళ్లు. ఆమె ముందు ఫుట్‌బాల్ ఆడేది, మోకాలు దెబ్బతిని ఇరవై దాటాక సైకిల్ రేసులకి వచ్చింది. ఆ టూర్ మొదట్లో కడుపు పాడై తిండి నిలవక ఇంటికెళ్లిపోయే పరిస్థితి, వారం చివర కొండల్లో అందరినీ వదిలేసి పోయింది. వోలెరింగ్ పూల కొట్టులో పని చేసింది. పదో తరగతికి ఆలస్యం ఏమిటి అన్నా!

చీమకుర్తి_వాసి:

ఎవరూ ఏమీ అనుకోకండి. నెదర్లాండ్స్‌లో సైకిళ్లకి వేరే దారి ఉంటుంది, మా రోడ్డు మీద గ్రానైట్ లారీల పక్కన మోటార్ సైకిలే ప్రాణం అరచేతిలో పెట్టుకుని నడపాలి. ఆడపిల్లని ఆ రోడ్డు మీదికి పంపండి అని ఇక్కడ రాయడం తేలిక. పరుగు పందేల్లో పెట్టండి, గ్రౌండ్‌లో భద్రంగా ఉంటుంది, స్పోర్ట్స్ కోటా కూడా వస్తుంది.

నెల్లూరు_పెన్నాగట్టు:

అన్నా, మీ భయం నిజమే, దాన్ని తీసిపారేయను. నేను కూడా హైవే మీద ప్రాక్టీస్ చెయ్యను. నెల్లూరులో మేము మైపాడు వైపు వెళ్తాం, తెల్లవారుతుండగా బయల్దేరి ఎండెక్కకముందే వచ్చేస్తాం, నలుగురైదుగురం కలిసి, వెనక లైటు, హెల్మెట్ లేనిదే ఎవరినీ రానివ్వం. ఆడవాళ్లు ఒంటరిగా తొక్కితే బండి మీద వెంటపడి మాట్లాడేవాళ్లు తగులుతారు, గుంపుగా ఉంటే ఆ ధైర్యం చెయ్యరు. గ్రౌండ్ భద్రం కాబట్టి ఆట మార్చుకోమంటే మాత్రం నేనొప్పుకోను. పిల్లకి నచ్చింది ఇది. రోడ్డు బాగోలేకపోతే వేళ మార్చాలి, దారి మార్చాలి, తోడు పంపాలి. సర్కారు బడుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకి 'బడికొస్తా' అని సైకిళ్లిచ్చింది కూడా ఇవే రోడ్ల మీద తొక్కడానికే కదా.

మార్కాపురం_పీఈటీ:

సార్, నేను పీఈటీగా చేస్తున్నాను. దారి ఉందా అన్నారు కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను.

కొండల్లేవని బాధ వద్దు. పైన చెప్పిన వోలెరింగ్, వాన్ వ్లూటెన్, రోయాకర్స్ ముగ్గురూ డచ్ వాళ్లే, వాళ్ల దేశం మీ కావలి కంటే చదును. వాళ్లకి ఉన్నది గాలి, అది మీకూ ఉంది. సముద్రపు గాలి పక్క నుంచి కొడుతుంటే ముందున్న సైకిల్‌కి సరిగ్గా వెనక ఉండి లాభం లేదు, గాలి వచ్చే వైపుకి అవతల కొంచెం ఏటవాలుగా చక్రం పెట్టాలి, అప్పుడే చాటు దొరుకుతుంది. పెద్ద రేసుల్లో అట్లా రోడ్డంతా ఏటవాలు వరసలు కడతారు, వరసలో చోటు దొరకనివాళ్లు రోడ్డు అంచున గాలికి దొరికిపోయి రెండు మూడు నిమిషాల్లో రాలిపోతారు. ముందువాళ్ల చాటున తొక్కితే మూడో వంతు దాకా బలం మిగులుతుంది, అదే ఈ ఆటకి ప్రాణం. ఇది నేర్చుకోవడానికి సముద్రం పక్క రోడ్డు, తోడుగా ముగ్గురు మనుషులు ఉంటే చాలు. కొండ కావాలనుకుంటే సెలవుల్లో గిద్దలూరు ఘాటుకో, దోర్నాల నుంచి శ్రీశైలం వైపుకో పెద్దవాళ్లతో కలిసి రావచ్చు, కానీ అడవి దారి, వన్యప్రాణులు తిరిగే చోటు, పగటి పూట, వెనక బండి ఉంటేనే.

ఇప్పుడే రోడ్ బైక్ కొనకండి. కొత్తదంటే ఖరీదెక్కువ. ఉన్న సైకిల్ సీటు ఎత్తు సరిచేయించండి, చాలామంది పిల్లలు సీటు మరీ కిందికి పెట్టుకుని మోకాళ్లు పాడుచేసుకుంటున్నారు. శని, ఆదివారాలు వరసగా రెండు రోజులు తొక్కించండి. మొదటి రోజు ఎంత వేగం పోయిందో నాకు అక్కర్లేదు, రెండో రోజు పొద్దున లేచి మళ్లీ అదే ఉత్సాహంతో ఎక్కుతుందా చూడండి, స్టేజి రేసుకి పనికొచ్చే పిల్ల అక్కడ తెలుస్తుంది. గంట దాటి తొక్కేటప్పుడు ఆకలి వేసేదాకా ఆగకూడదు. పెద్ద రైడర్లు గంటకి 60 నుంచి 90 గ్రాముల పిండి పదార్థం లోపలికి పంపిస్తూనే ఉంటారు. ఒక అరటిపండులో పాతిక గ్రాముల పైన ఉంటుంది, ఖర్జూరం, చిటికెడు ఉప్పేసిన బెల్లం నీళ్లు చాలు మనకి. దిగాక అన్నం, పప్పు, గుడ్డు.

పోటీల సంగతి, 17, 18 ఏళ్లవాళ్లు జూనియర్ కిందికి వస్తారు, అంతకు తక్కువ వాళ్లకి మన దేశంలో సబ్ జూనియర్ ఉంది. రాష్ట్ర సైక్లింగ్ సంఘం సెలక్షన్ పెట్టినప్పుడు పుట్టిన తేదీ కాగితాలు సిద్ధంగా ఉండాలి, చాలామంది పిల్లలు అక్కడే ఆగిపోతారు. హైదరాబాద్‌లో ఉస్మానియా వెలోడ్రోమ్ (సైకిల్ రేసుల ట్రాక్) ఉంది, కర్ణాటకలో విజయపురలో సైక్లింగ్ హాస్టల్ ఉంది, ఢిల్లీలో జాతీయ అకాడమీ ఉంది. రైల్వేలో ఉద్యోగంతో పాటు తొక్కే ఆడపిల్లలు ఉన్నారు, ఇంట్లో వాళ్లకి ఆ మాట కూడా చెప్పండి, మన దగ్గర ఉద్యోగం మాట వస్తేనే తండ్రులు మెత్తబడతారు.

కావలి_మేనమామ:

అందరికీ చాలా చాలా థాంక్స్. మొత్తం చదివి వినిపించా, బోనస్ లెక్క తనే మళ్లీ కాగితం మీద వేసి చూసుకుంది. సీటు ఎత్తు నిజంగానే కింద ఉంది, సైకిల్ షాపులో పైకి చేయించాం. మా బావ ఇంకా ఏమీ తేల్చలేదు, రైల్వే మాట మాత్రం రెండుసార్లు అడిగాడు. పిల్ల ఇప్పుడు ఇంకోటి అడుగుతోంది, టీమ్‌లో ఏడుగురు తొక్కితే జెర్సీ ఒక్కరికే ఎందుకు, మిగతా ఆరుగురికీ ఏం మిగులుతుంది అని.

నెల్లూరు_పెన్నాగట్టు:

అదీ ప్రశ్న! మిగతా ఆరుగురి పని లీడర్‌ని గాలికి అడ్డుగా ఉండి కాపాడటం, కారు దగ్గరికి వెనక్కి పోయి నీళ్ల సీసాలు చొక్కాలో నింపుకుని తేవడం, పంక్చర్ అయితే తమ చక్రం విప్పి ఇచ్చేయడం. వాళ్లు లేకుండా ఎవరూ గెలవరు, అందుకే గెలిచినామె ప్రైజు డబ్బు టీమ్‌లో అందరికీ పంచడం ఆనవాయితీ. 2025లో పోలీన్ ఫెరాన్ ప్రెవో కొండల్లో గెలిచి టూర్ పట్టేసింది, ఆమె టీమ్‌లోనే ఉన్న మారియాన్ వోస్ మొదటి రోజు స్టేజి గెలిచి పసుపు జెర్సీ వేసుకుంది. అంటే మొదట్లో ఒకరు, చివర్లో ఒకరు, టీమ్ మాత్రం ఒకటే. అదే టూర్‌లో కిమ్ లె కూర్ కూడా పసుపు జెర్సీ వేసింది, మన తెలుగువాళ్లు కూడా ఉన్న మారిషస్ దీవి అమ్మాయి, ఆఫ్రికా నుంచి ఆ జెర్సీ వేసిన మొదటి ఆడమనిషి. ఆమె గెలిచిన ఐదో స్టేజి హైలైట్స్ పాపకి పెట్టండి. ఆదివారం కుదిరితే తనని నెల్లూరు తీసుకురండి, అక్కని కూడా తీసుకురండి, మైపాడు రోడ్డు మీద గాలి చాటున తొక్కడం ఎట్లాగో నేను చూపిస్తా. హెల్మెట్ మర్చిపోవద్దు.